జోడు కడియాలు

సమ్మయ్య పొద్దున్నే మంచం కింద దూరాడు, మధ్యాహ్నమైనా బయటికి రాలేదు. చేతిలో గొడ్డలి ఉంది. గుమ్మంలో ఎవరు కనబడినా "కప్పు కూలుతాంది, ఉరుకుండ్రి!" అని అరుస్తున్నాడు. ఎన్నడో బొగ్గు బాయిలో కప్పు కూలి, తోటి పనివాళ్ళు కళ్ళముందే పోతే ఒక్కడే బతికి బయటపడ్డ మనిషి. బాయిలో ఆ కప్పు కూలింది ఒక్కసారే. సమ్మయ్య నెత్తిన మాత్రం, పాపం, ముసురు పట్టినప్పుడల్లా కూలుతూనే ఉంది.

క్వార్టరు ముందు ఆ లైనులోని ఇళ్ళ జనమంతా పోగయ్యారు.

"పోలీసులకు ఫోన్ కొట్టుండ్రి, గొడ్డలి పట్టుకున్నడు" అన్నాడొకడు.

"నీ నోట్లె మన్నువడ! వాళ్ళు వత్తే బొక్కలిరగ్గొట్టి తీస్కపోతరు. తోడోళ్ళకు చెప్పినం, అత్తాన్రు" అని సమ్మయ్య భార్య వాడిమీద లేచింది.

తోడు బండి వచ్చింది. ఎర్రలైటు లేదు, కూత లేదు, లాఠీ లేదు. మనసు చెదిరి మనిషి మీదికొస్తున్నాడంటే ఖాకీలు కాదు, మామూలు మనుషులే పోవాలని సర్కారు పెట్టిన కొత్త పద్ధతి అది. ఆ బొగ్గు పట్నం మొత్తానికి నలుగురే నలుగురు తోడు మనుషులు. అందులో స్వరూప పెద్దది. ఒకప్పుడు బస్సు కండక్టరు. జాతర బస్సులో తాగినవాణ్ణీ, తగువుకొచ్చినవాణ్ణీ నోటి మాటతోనే కూర్చోబెట్టిన మనిషి.

ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచింది. ఇంట్లో వాళ్ళందరినీ బయటికి పొమ్మంది. వాళ్ళ పద్ధతి అది. తర్వాత చాపైనా వేసుకోకుండా మంచం పక్కన నేలమీద వెల్లకిలా పడుకుంది.

"సమ్మన్నా, నేను స్వరూపను. జరుగు జర, నాకు సుత జాగియ్యి."

"కప్పు కూలుతాంది పిల్లా, పో!"

"కూలితే కూలనియ్యి, ఇద్దరం ఉందాం. ఒక్కనివే ఎందుకు?"

ఆ మాటకు సమ్మయ్య కాస్త జరిగాడు. ఆమె మంచం కిందికి పాకి, తన చేతి కడియం జోడును అతని మణికట్టుకు తొడిగింది.

ఏడ్చే పసిబిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకుంటే కాసేపటికి బిడ్డ ఊపిరి తల్లి ఊపిరి వెంట నడుస్తుంది. ఆ జోడు కడియాలు చేసే పనీ అదే. కాకపోతే నరాల గుండా, తొందరగా. తోడు మనిషి ఒంట్లోని నెమ్మదిని పట్టి అవతలి ఒంటికి అందిస్తాయి. ఇద్దరి నాడీ ఒకటై కుదుటపడగానే కడియం మీద చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది. డాక్టర్ వసుంధర అనే ఆవిడ పదేళ్ళు కూర్చుని కనిపెట్టింది దాన్ని. కాగితాల్లో దానికేదో నోరు తిరగని పేరుంది. జనం జోడు కడియాలే అన్నారు.

దీపం పచ్చబడింది. సమ్మయ్య గొడ్డలి వదిలి, చెమట తుడుచుకుని, "చాయ్ దొరుకుతదా?" అని అడిగాడు. బయట జనం చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తుంటే మూలమలుపు దగ్గర బొగ్గు లారీ ఒకటి అడ్డదిడ్డంగా దూసుకొచ్చింది. డ్రైవరు యాకూబ్ బండిని పక్కకు కోసి, గుండె పట్టుకుని, లారీవాడి ఏడు తరాలనూ తిట్టాడు. స్వరూప జడ ముడేసుకుంటూ ఉంది.

"అక్కా, సచ్చిపోయేటోళ్ళం!"

"ఔ గదా" అంది స్వరూప. మర్యాదకు అన్నట్టు అంది.

*

ఈ ఉద్యోగానికి ఆమె ఊరికే రాలేదు. తమ్ముడు ఓదెలు, ఇరవై రెండేళ్ళవాడు, ఒకరోజు బజార్లో చొక్కా చించుకుని, తన తలలో ఎవరో మాట్లాడుతున్నారని దుకాణాల మీద రాళ్ళు వేశాడు. ఎవరో పోలీసులను పిలిచారు. నలుగురు కలిసి కింద పడేసి, మెడమీద మోకాలు పెట్టి కట్టేసి తీసుకుపోయారు. ఓదెలు మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు. స్వరూప అప్పుడు బస్సులో టిక్కెట్లు కొడుతూ ఉంది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి, వాడి పక్కన కూర్చుని ఉంటే బతికేవాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే ఆమెను తోడు బండి ఎక్కించింది. మళ్ళీ ఆ లాఠీల కాలం రాకూడదు, అంతే ఆమెకు కావలసింది.

ఇంట్లో భర్త తిరుపతి, బాయి పని. కూతురు చందన, పదో తరగతి. బొగ్గు పట్నంలో ఒక ఆచారం ఉంది, ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. షిఫ్టు వేళ కాని వేళ బాయి సైరన్ మోగిందంటే లోపల ఏదో అయిందని అర్థం. ఆడవాళ్ళు పొయ్యిమీదిది పొయ్యిమీదే వదిలేసి, పైట సర్దుకోను కూడా సర్దుకోకుండా బాయి గేటు దగ్గరికి ఉరుకుతారు. ఎవరి మగవాడు ఏ షిఫ్టో ఆ క్షణాన ఎవరూ లెక్క చూడరు.

ఆ ఆదివారం సైరన్ మోగినప్పుడు స్వరూప బెండకాయలు తరుగుతోంది.

లైనులో తలుపులు దబదబా తెరుచుకున్నాయి. చందన జడ సగం అల్లుకున్నది అల్లుకున్నట్టే వచ్చి, "అమ్మా! సైరన్! బాపు లోపలే ఉన్నడు!" అని అరిచింది.

"వినవడ్డది బిడ్డా. ఈ రెండు కాయలు కోసి అత్త."

చందన తల్లి మొహంలోకి చూసి, ఇంకేమీ అనక, ఒక్కతే పరుగెత్తింది. స్వరూప ఆ రెండు కాయలూ కోసింది. కత్తి కడిగింది. పొయ్యి ఆర్పింది. తాళం వేస్తూ, తాను ఉరకాలి కదా అనుకుంది. అనుకుంది గానీ కాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. నడుచుకుంటూ పోయింది. సగం దారిలోనే తిరుపతీ, చందనా ఎదురయ్యారు. బొగ్గు మోసే బెల్టు తెగి ఇద్దరికి దెబ్బలు తగిలాయి, ప్రాణాలకు భయం లేదు. చందన తండ్రి చెయ్యి వదలకుండా పట్టుకుని వెక్కిళ్ళు పెడుతోంది.

తిరుపతి ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని చాలాసేపు మెతుకు ముట్టలేదు.

"అందరి ఆడోళ్ళు గేటు కాడున్నరు" అన్నాడు చివరికి. "మొగడు పోయిన మల్లవ్వ సుత ఉరికచ్చింది. నువ్వు లేవు."

"నేను అత్తనే ఉన్న."

"నడిచి అచ్చినవు స్వరూపా. నేను జూసిన."

కోపంగా అన్నా బాగుండేది. అతను బెదిరిపోయిన గొంతుతో అన్నాడు. స్వరూప అతని కంచంలో బెండకాయ కూర వడ్డించింది.

*

డాక్టర్ వసుంధర ప్రయోగశాల పాత గెస్ట్ హౌసులో ఉంది. స్వరూప చెప్పిందంతా విని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఒంటికి తీగలు తగిలించి, వెనక్కి పోయి నిలబడింది. కాసేపటికి స్వరూప చెవి వెనకాల బుడగ ఢామ్మని పేలింది. తలుపు బయట నిలబడ్డ అటెండరు ఎగిరిపడ్డాడు.

స్వరూప తల తిప్పి, "ఏం పేలింది మేడం?" అని అడిగింది.

డాక్టరమ్మ చేతిలో పగిలిన బుడగ వేలాడుతోంది. "నువ్వు ఇచ్చే నెమ్మది నిద్రపోతే మళ్ళీ ఊరుతుందనుకున్నాం" అంది నెమ్మదిగా. "అసలు అది తరగడమే లేదు స్వరూపా. నీ దగ్గర నెమ్మది అయిపోతే ఏం చెయ్యాలని అందరం భయపడ్డాం. జరిగింది వేరు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండమని అడిగీ అడిగీ, నీ ఒంట్లో అదరడం అనే గుణాన్నే చంపేశాం. వెంటనే మానేయి. ఓ ఏడాది ఆగితే తిరిగి రావచ్చు."

"రావచ్చా, వస్తదా?"

"నాకు తెలియదు."

"మరి నేను మానేస్తే ఎవరు పోతరు మేడం? సరిత ప్రసవానికి పోయింది. మిగిలిన ఇద్దరు కొత్తోళ్ళు. పిలుపు అందుకోకపోతే పోలీస్ బండే పోతది."

వసుంధర తల వంచుకుని ఆమె ఒంటికున్న తీగలు విప్పసాగింది. రాజధాని నుంచి సర్కారు కమిటీ రాబోతోంది. ఈ పద్ధతి రాష్ట్రమంతా పెట్టాలో, ఉన్నది కూడా ఎత్తెయ్యాలో తేల్చేది వాళ్ళే. అయినా సరే పోవద్దని ఆరోజు గట్టిగా అనకపోవడం ఆవిడ తప్పు. పనికి పోవడం స్వరూప తప్పు. ఇద్దరికీ తెలిసే చేశారు.

*

ఆ వారంలోనే లచ్చవ్వ ఇంటినుంచి పిలుపు వచ్చింది. లచ్చవ్వ బాయి క్యాంటీన్లో వంట చేస్తుంది. ఒక్కతే కూతురు అఖిల, తొలికాన్పుకు పుట్టింటికొచ్చి నాలుగు నెలలైనా అత్తింటికి పోలేదు. బిడ్డను ఎత్తుకోనంటోంది. తన పాలలో విషముందంటోంది. ఆవేళ గదిలో దూరి గొళ్ళెం పెట్టుకుంటే కిటికీలోంచి బతిమాలి తీయించారు.

స్వరూప చెప్పులు విడిచి లోపలికి పోయింది. అఖిల గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. లచ్చవ్వ పసిదాన్ని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"లచ్చవ్వా, నువ్వు జర బయటుండు. నీ గాబరా పిల్లకు తగులుతది."

లచ్చవ్వ కదలలేక కదలలేక కదిలింది. స్వరూప అఖిల పక్కన కూర్చుని కడియం తొడిగింది. నాలుగు మాటలైనా మాట్లాడకముందే దీపం పచ్చబడింది. అంత తొందరగా ఎన్నడూ కాలేదు. మునుపైతే స్వరూపకు కడుపులో ఏదో దేవినట్టయ్యేది, ఇది వట్టి పైపై శాంతమని ఒళ్ళు చెప్పేది. ఒకరిద్దరి విషయంలో అలాగే పచ్చదీపాన్ని పక్కనపెట్టి పొద్దు గూకేదాకా కూర్చుంది కూడా. ఇప్పుడు కడుపులో ఏమీ లేదు. దీపం పచ్చగా ఉంది.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్నది" అంది అఖిల గోడతోనే.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే లచ్చవ్వ చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నాకెందుకో మంచిగ అనిపిస్తలేదు. జరసేపు కూసోరాదు?"

"తల్లి పాణం గదా, గట్లనే అనిపిస్తది. నెమ్మదైంది, పండుకోనియ్యి. రేపు డాక్టరమ్మ కాడికి తోల్కపోదాం" అంది స్వరూప. అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసిందే చెప్పింది.

రేపటిదాకా అఖిల ఆగలేదు. లచ్చవ్వ పసిదానికి నీళ్ళు పోస్తుండగా దొడ్డి తలుపు తీసి పోయింది. బొగ్గు తవ్వి వదిలేసిన పాత గుంటలో నీళ్ళుంటాయి. అక్కడ దొరికింది.

*

వసుంధర ఆ రోజు కడియం దాచుకున్న నాడీ గుర్తులన్నీ తెరమీద పెట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఇది ఇద్దరినీ కలిపి చూస్తుంది" అంది. "మనిషి ఎప్పుడూ ఎంతో కొంత అదురుతాడు కదా అన్న ధైర్యంతో అలా చేశాను. నీవైపు అసలు అలికిడే లేదు. అంత నిశ్శబ్దంలో ఆమె గోల దీనికి వినపడలేదు. దీపం పచ్చబడింది ఆమెను చూసి కాదు స్వరూపా, నిన్ను చూసి."

స్వరూప తలూపింది. విషయం పూర్తిగా అర్థమైంది. ఇప్పుడు తనకు ఏడుపు రావాలి, కుప్పకూలాలి అని కూడా అర్థమైంది. ఏదీ రాలేదు. ఎదురుగా డాక్టరమ్మే ఏడుస్తోంది.

"కమిటీ వచ్చిపోయేదాకా ఆగుదాం" అంది వసుంధర ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడు చెప్తే మొత్తం మూసేస్తారు. మళ్ళీ లాఠీలే. నీ తమ్ముడిలాంటి వాళ్ళు ఎంతమంది పోతారో ఆలోచించు. ఆ తర్వాత నేనే సరిచేస్తాను, ఒట్టు."

ఆ మాట గట్టిదే. స్వరూప బతుకంతా ఆ మాట మీదే నిలబడింది. తమ్ముణ్ణి తలుచుకుంది. మొహం కనబడింది, చిరిగిన చొక్కా కనబడింది. గుండెలో మాత్రం ఏ కలుక్కూ లేదు. గుండె ఏమీ చెప్పకపోతే మిగిలింది బుర్ర ఒక్కటే. బుర్రతోనే లెక్క వేసుకుంది: మిగిలినవాళ్ళు కూడా ఇలాగే అవుతారు. సరిత కాన్పు నుంచి తిరిగొచ్చి ఈ కడియమే తొడుక్కుంటుంది. అప్పుడు ఆ పిల్ల తన బిడ్డ ఏడుపుకు కూడా లేవదు.

"నేను చెప్తా మేడం" అంది. "ముందుగల లచ్చవ్వకు చెప్తా."

లచ్చవ్వ పసిదాన్ని ఒళ్ళో వేసుకుని పీటమీద కూర్చుని ఉంది. చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. స్వరూపను చూడగానే ఆవిడ గొంతు పగిలింది.

"బిడ్డా, ఆ కడియం నాకు తొడుగు! నీ కాలు మొక్కుత. జరసేపు తొడుగు. గుండె పగిలిపోతాంది, నా వశం అయితలేదు."

"తేలేదవ్వా. తెచ్చినా తొడుగ." స్వరూప నేలమీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. దీపం సంగతి, తన ఒంటి సంగతి, డాక్టరు మానేయమన్నా తాను పనికి పోయిన సంగతి, ఏదీ దాచలేదు.

లచ్చవ్వ చివరిదాకా విన్నది. పసిదాన్ని పక్కన పడుకోబెట్టింది. ఆ తర్వాత రెండు చేతులతో స్వరూపను కొట్టింది. మొహమ్మీద, వీపుమీద, ఎక్కడ పడితే అక్కడ.

"నేను చెప్పిన గదనే! కూసొమ్మని చెయ్యి వట్టుకున్న గదనే! నన్ను గుమ్మం బయటికి ఎల్లగొడితివి!"

స్వరూప అడ్డం పెట్టుకోలేదు. కొట్టీ కొట్టీ లచ్చవ్వ ఆయాసపడి ఆగింది.

"ఏడువనన్న ఏడుత్తలేవేందే రాచ్చసీ?"

"అత్తలేదవ్వా."

"మరెందుకచ్చినవు?"

"రావాల్నని తెలుసు. గంతే మిగిలింది నా కాడ."

లచ్చవ్వ ఆమెను పరాయిదాన్ని చూసినట్టు చూసింది. అప్పుడామె కళ్ళల్లో కనబడ్డ అసహ్యాన్ని స్వరూప చూసింది. తాను దానికి సిగ్గుపడాలని తెలుసుకుంది. పసిబిడ్డ ఏడిస్తే లచ్చవ్వ అటు తిరిగింది.

*

కమిటీ కూడా అంతా స్వరూప నోటినుంచే విన్నది. తోడు పద్ధతి నిలిపేశారు, మళ్ళీ చెప్పేదాకా. బండిని షెడ్డులో పెట్టి తాళం వేశారు. యాకూబ్ ఆమెతో మాట మానేశాడు. మానేసే ముందు ఒక్కటే అడిగాడు: "నీ తమ్ముడు యాదికి అత్తలేడా అక్కా?" "అత్తడు యాకూబ్. నొప్పే అత్తలేదు" అంది ఆమె. ఇంట్లో చందనకు ఏం కలవరం పుట్టినా తండ్రికే చెప్పుకుంటోంది. తల్లి పక్కనుంచే పోయి తండ్రి దగ్గర కూర్చుంటుంది. స్వరూప చూస్తూ ఉంటుంది.

అనుకున్నట్టే అయింది. కూరగాయల మార్కెట్లో ఒక ముసలాయన్ని తాళ్ళతో కట్టి జీపులో పడేశారు. ఇంకెవరినో లాఠీ దెబ్బలతో ఆసుపత్రికి తోలారు. జనం ఫోన్ చెయ్యడమే మానేసి, ఇంట్లో మనుషులను ఇంట్లోనే గొలుసులు వేసి ఉంచుతున్నారని లైన్లలో చెప్పుకున్నారు.

ఓ పొద్దున పక్క లైను రాజేశం వచ్చి స్వరూప ముందు చేతులు జోడించాడు. భార్య పద్మకు రెండు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు, పిల్లలను గుర్తుపట్టడం లేదు. రాత్రి నుంచి ఊరికే నవ్వుతూ అందరికీ దండాలు పెడుతోంది. పోలీసులను పిలవబుద్ధి కావడం లేదు.

"కడియాలు లేవు తమ్మీ. అవి ఉన్నా నాకు తెల్వదు. మనిషి కుదుటపడ్డదా లేదా నాకు తెలుత్తలేదు."

రాజేశం జోడించిన చేతులు దించలేదు. స్వరూప చాలాసేపు ఆలోచించింది. తర్వాత చెప్పులు వేసుకుని సరాసరి లచ్చవ్వ ఇంటికి పోయింది. గుమ్మం తొక్కకుండా బయటే నిలబడి సంగతి చెప్పింది.

"నాకు మాట్లాడుడు వత్తది లచ్చవ్వా. భయం రాదు. నీకు అత్తది. ఆ దినం నీకు తెలిసింది, నాకు తెల్వలే. నా పక్కన కూసో. ఎప్పుడు లేవాల్నో నువ్వు చెప్పు."

లచ్చవ్వ మొహం చూస్తే మళ్ళీ కొట్టేలా ఉంది. "నా బిడ్డ కాడికి నన్ను రానియ్యలే. ఇప్పుడు పరాయి బిడ్డ కాడ కూసొమ్మంటున్నవా? నాకు పాణం ఉన్నదనుకుంటున్నవా లేదనుకుంటున్నవా?"

"ఉన్నదనే అచ్చిన."

లచ్చవ్వ పసిదానికి గుడ్డ చుట్టి చంకనేసుకుంది. తలుపు దగ్గరికి లాగింది. "నిన్ను మాఫ్ చేసిననుకోకు" అంది నడుస్తూ. "సచ్చేదాక చెయ్య."

"సరే అవ్వా."

పద్మ వాళ్ళింట్లో ఈసారి ఎవరినీ బయటికి పంపలేదు. స్వరూప పద్మ పక్కన నేలమీద కూర్చుని, ఒట్టి నోటితో, పాత కండక్టరు మాటలతో మొదలుపెట్టింది. ఏ ఊరు, ఏ స్టేజీ, ఎవరింటికి పోయేది. చాలాసేపటికి పద్మ నవ్వు ఆగింది. నీళ్ళు తాగింది. చిన్న కొడుకును పేరు పెట్టి పిలిచింది. రాజేశం దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఇక చాలనిపించి స్వరూప లేవబోయింది, లచ్చవ్వ వైపు చూసింది.

లచ్చవ్వ గోడకు అతుక్కుపోయి ఉంది. చంకలో పసిదాన్ని అదిమి పట్టుకుని గడగడ వణుకుతోంది. పద్మ మొహంలో ఆవిడకేం కనబడుతోందో స్వరూపకు తెలుసు. ఇలా పిలిచిన ప్రతిసారీ ఆవిడ తన కూతురి గదిలోకి మళ్ళీ పోవలసిందే. పోయేదీ, వణికేదీ లచ్చవ్వే, స్వరూప కాదు.

"గాలె" అంది లచ్చవ్వ, పళ్ళు కొట్టుకుంటుండగా. "ఇంక నెమ్మది గాలె. కూసో."

స్వరూప కూర్చుంది.